నాన్న ఫోన్లో బ్లాక్ లిస్టు పెట్టాను, ఆయనకు చెప్పలేదు... ఇప్పుడేం చెయ్యాలి?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఊరూ పేరూ వద్దన్నారు కాబట్టి గుర్తుపట్టగలిగే వివరాలు మార్చి, విషయం మాత్రం ఆవిడ చెప్పినట్టే ఇస్తున్నాను.

ఆవిడ నాన్నగారికి 68 ఏళ్లు. పశ్చిమ గోదావరి జిల్లాలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అమ్మగారు పోయి రెండున్నరేళ్లు దాటింది. సొంతింట్లో ఒక్కరే ఉంటున్నారు. పిల్లల దగ్గరికి రమ్మంటే ‘కాళ్లూ చేతులూ ఆడుతున్నంతకాలం ఇక్కడే’ అంటారట. కిందటేడాది ‘మీ కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రికి సప్లయ్ తీసేస్తాం’ అని ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. అందులో ఉన్న నంబరుకు ఆయనే ఫోన్ చేశారు. అవతలివాడు ఏదో యాప్ వేయించి, పది రూపాయలు కట్టి చూడమన్నాడు. ఫోన్ పెట్టేసేలోపు ఖాతాలోంచి 46,000 రూపాయలు పోయాయి.

బెంగళూరులో ఉండే అన్నయ్య అది విని ‘స్మార్ట్‌ఫోన్ తీసేసుకుని బటన్ల ఫోన్ ఇచ్చేద్దాం’ అన్నాడు. అంతవరకూ ఎందుకని ఈవిడ మధ్యేమార్గం వెతికారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు నాన్న ఫోన్లో ఒక డీఎన్ఎస్ సేవను పెట్టారు. బ్లాక్ లిస్టుల్లో, అంటే తెరుచుకోకూడని సైట్ల జాబితాల్లో ఉన్నవాటిని అది ఆపేస్తుంది, ఫోన్ అడిగిన సైట్ల పేర్లను లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. మోసపు సైట్ల జాబితా, ప్రకటనల జాబితా పెట్టాక, అన్నయ్య ఫోన్లో చెబుతుంటే జూదం, పోర్న్, డేటింగ్, సోషల్ మీడియా అన్న వాటికీ టిక్కు పెట్టారు. నాన్నతో మాత్రం ‘ఫోన్ కొంచెం స్పీడు చేస్తున్నా’ అన్నారట. ఫేస్‌బుక్ రావడం లేదని, పాత విద్యార్థుల గ్రూపు చూసుకోలేకపోతున్నానని ఆయన అన్నప్పుడు సోషల్ మీడియా టిక్కు హైదరాబాద్ నుంచే తీసేశారు. అప్పుడూ ఏమీ చెప్పలేదు.

ఇక ఆవిడ మాటల్లోనే: ‘పోయిన నెల ఊరికే లాగ్ తెరిచాను. ఎర్ర గీతల పక్కన ఒకటే పేరు. రాత్రి 10:40కి, 10:41కి, మళ్లీ 10:43కి. ముందు రోజూ అంతే, ఆ ముందు రోజూ అంతే. అది రెండో పెళ్లి సంబంధాల సైటు. నేను డేటింగ్ టిక్కు పెట్టినందువల్ల ఆయనకది తెరుచుకోవడం లేదు. ఫోన్ పాడైందనుకుని బస్టాండు దగ్గర షాపులో రెండుసార్లు ఇచ్చి వచ్చారు. షాపబ్బాయి సిమ్ మార్చమంటే మార్చారు కూడా. చూసిన రోజు నాకు ఏడుపాగలేదు. అమ్మ గుర్తొచ్చింది. ఆ ఖాతా పాస్‌వర్డ్ అన్నయ్య దగ్గర కూడా ఉంది. వాడింకా చూడలేదు, చూస్తే రచ్చ చేస్తాడు. టిక్కు తీసేసి ఊరుకోనా? మొత్తం తీసేయనా? నాన్నకి చెప్పనా? చెబితే ఆయన నా ముఖం చూడగలరా? నేను ఆయన ముఖం చూడగలనా?’

మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఆయన డబ్బు మళ్లీ పోకూడదన్న భయం ఒకటి. మీకు తెలియకుండానే ఆయన సొంత విషయంలోకి వెళ్లిపోవడం రెండు. అమ్మ స్థానం గురించిన మీ బాధ మూడు. ఈ మూడింటికీ కలిపి ఒకే జవాబు వెతుకుతున్నారు, అందుకే దారి కనపడటం లేదు. మొదటిదానికి బ్లాక్ లిస్టు కొంత సాయం చేస్తుంది. రెండోదాన్ని తెచ్చిపెట్టింది అదే. మూడోదానితో దానికి సంబంధమే లేదు.

ముందు ఆ లాగ్ గురించి మాట్లాడదాం, మిమ్మల్ని ఏడిపించింది అదే కాబట్టి. ఫోన్లో ఏ సైటు తెరవాలన్నా ముందు ఆ సైటు పేరును నంబరుగా మార్చుకోవాలి. ఆ పని చేసేది డీఎన్ఎస్. మీరు పెట్టిన సేవ అక్కడ కూర్చుని, అడిగిన పేరు జాబితాలో ఉంటే నంబరు ఇవ్వడం మానేస్తుంది, లేదా 0.0.0.0 అని పనికిరాని నంబరు ఇస్తుంది. అడిగిన ప్రతి పేరునూ వేళతో సహా రాసుకుంటుంది. అంటే నాన్నగారికొచ్చే ఉత్తరాల్ని ఎవరూ విప్పి చదవడం లేదు గానీ, ప్రతి కవరు మీదా ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఒక పుస్తకంలో ఎక్కుతోంది, ఆ పుస్తకం మీ ఇంట్లో ఉంది. లోపల ఏముందో మీకు తెలియదు, తెలిసిందనిపిస్తుంది. ఏదో వార్తల పేజీలో పెళ్లి సంబంధాల ప్రకటన ఉన్నా ఆ పేరు లాగ్‌లోకి ఎక్కుతుంది. మీరు చెప్పిన తీరు చూస్తే, రోజూ అదే వేళకు మళ్లీ మళ్లీ ప్రయత్నించడం చూస్తే, ఆయనే తెరవబోయారనుకోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. అయినా ఎవరికోసం? తన కోసమా, విడాకులై ఇంట్లో ఉన్న ఏ మేనకోడలి కోసమా, తోటి రిటైర్డ్ మాస్టారెవరైనా ‘నువ్వు కాస్త చూసిపెట్టు’ అన్నారా? లాగ్ ఇవేవీ చెప్పదు. మీరు దాని మీద ఒక కథ మొత్తం కట్టుకుని నెల రోజులుగా మోస్తున్నారు. కథ నిజమే కావచ్చు. కానీ అది ఆయన చెబితే తెలియాల్సిన కథ.

డేటింగ్ టిక్కు వల్ల పెళ్లి సంబంధాల సైటు ఆగిపోవడం మీ తప్పిదం అనుకోకండి. ఇలాంటి వర్గాలు తయారు చేసేవాళ్లకు మన ఇళ్లల్లో పెళ్లి సంబంధం వెతకడం అంటే ఏమిటో తెలియనక్కర్లేదు. మనుషుల్ని మనుషులతో కలిపే సైట్లన్నిటినీ ఒకే గంపలో వేసేస్తారు. మన దేశంలో 2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మాట్రిమోనీ సైట్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, తమది పెళ్లి సంబంధాల కోసమే తప్ప డేటింగ్ సైటు కాదని స్పష్టంగా చెప్పాలని ఉంది. సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలనీ ఉంది. ఆ జాబితాకు మాత్రం ఆ తేడా తెలియదు. ఈమెయిల్ స్పామ్‌ను ఆపడానికి 1997లో తొలి డీఎన్ఎస్ బ్లాక్ లిస్టు వచ్చినప్పటి నుంచీ ఈ గొడవ ఉంది. ఏ జాబితా అయినా ఎవరో ఒకరి నిర్ణయం. దాన్ని ఇంట్లో పెట్టుకున్నప్పుడు ఆ నిర్ణయాలన్నీ మనం చదవకుండానే మన ఇంట్లో అమలవుతాయి.

అయితే ఒక మాట మీరు గట్టిగా పట్టించుకోవాలి. ఆ రాత్రి వరకూ అది తెలియక జరిగింది. చూసిన తర్వాత కూడా టిక్కు అలాగే ఉంచితే, అప్పుడది మీరు తీసుకున్న నిర్ణయం అవుతుంది. ‘నాన్నా, మీరు సంబంధం చూసుకోవడానికి వీల్లేదు’ అని నోటితో అనకుండా అన్నట్టే. మీ ఉత్తరం చదివితే మీరు అలాంటి కూతురు కాదని తెలుస్తోంది. కాబట్టి వీలైతే ఇవాళే ఆ టిక్కు తీసేయండి. మిగతావన్నీ నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు, ఇదొక్కటి మాత్రం ఆలోచించాల్సిన విషయం కాదు.

ఇక ఆ ఫోన్ షాపు. మీరు రెండు వాక్యాల్లో దాటేశారు గానీ, ఉత్తరం మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది అదే. డబ్బు పోకూడదని లిస్టు పెట్టారు. అది పెట్టినట్టు ఆయనకు తెలియదు. ‘ఈ సైట్‌ను చేరుకోవడం సాధ్యం కాదు’ అని స్క్రీను మీద వస్తే, పాపం, ఫోన్ పాడైందనుకున్నారు. పరిచయం లేని కుర్రాడి చేతిలో లాక్ తీసిన ఫోన్ పెట్టి వచ్చారు, రెండుసార్లు. అందులో ఫోన్‌పే ఉంటుంది, బ్యాంకు మెసేజ్‌లు ఉంటాయి, ఓటీపీలు వచ్చే సిమ్ ఉంటుంది. ఆ కుర్రాడు మంచివాడే అయి ఉండొచ్చు. మూడోసారి వెళితే ‘సార్, ఇది వేసుకుంటే అన్నీ ఓపెన్ అవుతాయి’ అని ఏదో ఒక ఉచిత వీపీఎన్ వేస్తాడు. అప్పుడు మీ జాబితా మొత్తం పక్కకు పోవచ్చు. ఆయన ఇంటర్నెట్ అంతా ఎవరిదో ఊరూ పేరూ లేని సర్వర్ గుండా వెళుతుంది. చెప్పకుండా పెట్టిన రక్షణ ఇలాగే తిరగబడుతుంది. వాడే మనిషికి తెలిసి, ఆయన సరేనంటేనే అది నిలుస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

టిక్కు తీసేసి, ఏమీ జరగనట్టు ఊరుకోవడం మొదటిది. ఇది మీకు చాలా తేలిక, నాకు తెలుసు. రేపు రాత్రికి ఆయనకు సైటు తెరుచుకుంటుంది, సిమ్ మార్చడం వల్ల బాగైందనుకుంటారు. కానీ లాగ్ నడుస్తూనే ఉంటుంది. మీరు చూడకుండా ఉండగలరా? ఇవాళ ‘చూడను’ అనుకుంటారు, ఒకరోజు ఆయన ఫోన్ ఎత్తకపోతే కంగారుపడి తెరుస్తారు. అన్నయ్య ఎప్పుడైనా తెరవొచ్చు. ఇంకొకటి, ఆయన నిజంగానే సంబంధం కోసం చూస్తుంటే అక్కడి ప్రమాదాల గురించి మీరు ఒక్క మాట కూడా చెప్పలేరు, చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి కాబట్టి. ఊరుకోవడమే మర్యాద అనిపిస్తే ఊరుకోండి, తప్పనను. కానీ అప్పుడు లాగ్ ఆపేసి, ఉన్నది చెరిపేసి ఊరుకోండి. సగం చూపు ఉంచుకుని ఊరుకోవడం ఊరుకోవడం కాదు.

మొత్తం పీకేయడం రెండోది. అన్నయ్యతో ‘పనిచేయడం లేదు, తీసేశాను’ అంటే సరిపోతుంది. మీకు మనశ్శాంతి దొరుకుతుంది గానీ, నకిలీ బ్యాంకు పేజీల్ని, మోసపు లింకుల్ని ఆపే ఒక అడ్డు పోతుంది. అదేమంత గొప్ప అడ్డని చెప్పను గానీ, ఉన్నదాన్ని తీసేయాల్సిన పనీ లేదు.

ఆయనకు చెప్పి, ఆయన ఇష్టప్రకారం మార్చి పెట్టడం మూడోది. నా మొగ్గు దీనివైపే. దీనికి మీరు కొంత ధైర్యం కూడగట్టుకోవాలి. ఆయన నొచ్చుకుంటారు కూడా.

ఇందులో మళ్లీ రెండు రకాలున్నాయి. లిస్టు పెట్టానని, దాంట్లో సైట్ల పేర్లు నమోదవుతాయని మాత్రం చెప్పి ఆగడం ఒకటి. నేను చూశానని కూడా చెప్పడం రెండోది. మొదటిదానితో ఆగుదామని మీరు అనుకుంటారు. కానీ ఆయన ముప్ఫై ఏళ్లు పిల్లల్ని చూసిన హెడ్మాస్టరు. ‘అయితే నువ్వు చూశావా?’ అని అడుగుతారు. అడక్కపోయినా మనసులో అనుకుంటారు. ఆ క్షణంలో అబద్ధం చెప్పకండి. ‘చూశాను నాన్నా. చూడాలని వెతకలేదు, కనపడింది. ఇంకెవరికీ చెప్పలేదు. మొత్తం చెరిపేశాను, ఇకపైన రాయదు’ అని చెప్పండి. అక్కడితో ఆపండి. ‘ఎందుకు చూస్తున్నారు? ఎవరి కోసం?’ అని అడగకండి. ‘మీరు పెళ్లి చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు’ అని ఉదారంగా కూడా అనకండి. మీ అనుమతి ఆయన అడగలేదు, ఇవ్వబోతే అదింకో దెబ్బ. ఆయనే మాట్లాడితే వినండి. లేదా లేచి ‘కాఫీ పెడతాను’ అని వంటింట్లోకి వెళితే వెళ్లనివ్వండి. ఆ మాట రావడానికి ఇంకో ఆర్నెల్లు పట్టొచ్చు.

ఇది ఫోన్లో చెప్పే విషయం కాదు, వాట్సాప్‌లో రాసే విషయం అసలే కాదు. ఏదో ఒక శనివారం ఒక్కరే వెళ్లండి, పిల్లలు వెంట లేకుండా.

ఒకటి చెప్పనివ్వండి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చింది. ఆ కేసు వేసింది రిటైర్డ్ జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి. 2012లో వేసేనాటికి ఆయనకు 86 ఏళ్లు. ఆ తీర్పు ప్రభుత్వానికీ పౌరులకూ మధ్య సంగతి, తండ్రీకూతుళ్ల మధ్య కోర్టులు రావు. అయినా గుర్తు చేస్తున్నానంటే కారణం ఉంది. పెద్దవాళ్లు అనగానే వాళ్లకు దాచుకునే విషయాలేవీ ఉండవని, వాళ్ల ఫోనూ ఖాతాబుక్కూ ఇంటిల్లిపాదివీ అని మన ఇళ్లల్లో ఒక అలవాటు ఉంది. పదిహేనేళ్ల కొడుకు ఫోన్ చూడాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాం. 68 ఏళ్ల తండ్రి విషయంలో ఆ ఆలోచనే రాదు.

ఇక లిస్టు సంగతి. మోసాన్ని ఆపేవి, మనిషి ఏం చూడాలో చెప్పేవి అని మీరు పెట్టినవాటిని రెండుగా విడదీయండి. ఫిషింగ్ (నకిలీ పేజీలతో వివరాలు కాజేసే), మాల్వేర్ (ఫోన్‌కు హాని చేసే ప్రోగ్రాములు ఎక్కించే) సైట్ల జాబితా మొదటి రకం. నమోదై నెల కూడా నిండని సైట్లను ఆపే ఏర్పాటు కొన్ని సేవల్లో ఉంటుంది, అదీ ఈ రకమే. దొంగలు పేర్లు మార్చుకుంటూ తిరుగుతారు కాబట్టి అది బాగా అక్కరకొస్తుంది. వీటికి ఆయన కాదనరు. జూదం, పోర్న్, డేటింగ్ రెండో రకం. మంచివో చెడ్డవో పక్కన పెట్టండి, ఇవి పెద్దమనిషి తనకు తాను పెట్టుకోవాల్సినవి. ఆయన ‘జూదం ఉండనీ, ఆ రమ్మీ ప్రకటనలు నాకూ విసుగే’ అంటే ఉంచండి. అది ఆయన మాట మీద ఉండాలి.

ఇవన్నీ మీ ఖాతాలో ఉండటం అసలు నచ్చకపోతే ఇంకో మార్గముంది. క్వాడ్9 అని డీఎన్ఎస్ సేవ ఇచ్చే లాభాపేక్ష లేని సంస్థ ఒకటి ఉంది, 2017లో మొదలైంది, ఇప్పుడు స్విట్జర్లాండ్ నుంచి నడుస్తోంది. ప్రమాదకరమైన సైట్లను ఆపడమే దాని పని. ఖాతా ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు, మీరో అన్నయ్యో తెరిచి చూడగలిగే లాగ్ ఉండదు. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచీ ప్రతి ఫోన్లో సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ విభాగంలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది, మీరు సంక్రాంతికి మార్చింది అక్కడే. అందులో ఇప్పుడున్న పేరు తీసేసి డీఎన్ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే చాలు. దీంతో ప్రకటనలు ఆగవు, అది నష్టమే. వార్తల పేజీల్లో ‘మీ ఫోన్లో వైరస్ ఉంది’ అని గంతులేసే ప్రకటనలు మళ్లీ వస్తాయి. వాటికోసం ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసి అందులో ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టొచ్చు, ఆండ్రాయిడ్‌లో కూడా పనిచేస్తుంది. మీ కుటుంబానికి నాకు సరిగ్గా కనిపిస్తున్న ఏర్పాటు ఇదే, ఎందుకంటే ఇందులో ఎవరూ ఎవరినీ చూడరు. కాకపోతే ఏ సైటైనా పొరపాటున ఆగితే దాన్నొక్కదాన్నీ వదిలేయమని మీరు చెప్పలేరు. ఆపేయడమో ఉంచుకోవడమో అంతే.

పోయిన 46,000 సంగతి కూడా మాట్లాడాలి. మీరు పెట్టిన ఏ లిస్టూ ఆ మోసాన్ని ఆపి ఉండేది కాదు. ఆయన మెసేజ్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేశారు. ఫోన్ కాల్‌కు డీఎన్ఎస్‌తో పనిలేదు. ఆయన చేత వేయించింది స్క్రీన్ షేరింగ్ యాప్, అంటే మన ఫోన్ తెరను అవతలివాడికి చూపించేది, అయి ఉంటుంది. అవి మామూలుగా ఆఫీసుల్లో వాడే యాప్‌లు, మోసపు జాబితాల్లో సాధారణంగా ఉండవు. ఇలాంటి యాప్‌లతో యూపీఐ ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకుల్ని హెచ్చరించింది. వాట్సాప్‌లో చలానా అనో, పెళ్లి కార్డు అనో వచ్చే ఏపీకే ఫైలూ (నొక్కితే ఫోన్లో యాప్‌ను ఎక్కించేది) అంతే, అది వాట్సాప్ దారిలోనే వస్తుంది, జాబితా కంటపడదు. యూట్యూబ్‌లో వచ్చే ప్రకటనలు వీడియోలు వచ్చే సర్వర్ల నుంచే వస్తాయి, ప్రకటన ఆపాలంటే వీడియో కూడా ఆపాలి.

కాబట్టి ఆ శనివారం ఫోన్లో మీరు చేయాల్సిన అసలు పనులు వేరే ఉన్నాయి, అవీ ఆయన పక్కన కూర్చుని చేయాలి. తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్‌కు అనుమతి అన్నచోట వాట్సాప్‌కీ క్రోమ్‌కీ ఆఫ్ చేయండి. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు చూడండి. ఎప్పుడో ‘అనుమతించు’ నొక్కేసిన సైట్ల వరస ఉంటుంది, వచ్చే చెత్తలో చాలాభాగం అక్కడి నుంచే. పెన్షన్ పడే ఖాతాకు యూపీఐ తీసేసి, వేరే చిన్న ఖాతాలో నెలకు సరిపడా డబ్బులు వేసుకుని దానికి పెట్టుకోమనండి. ఏం జరిగినా పోయేది ఆ కాస్తే. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదన్న సంగతి ఆయనకు తెలుసో లేదో అడగండి. ఈ ఒక్క ముక్క తెలియకే చాలామంది పోగొట్టుకుంటున్నారు.

పెళ్లి సంబంధాల సైట్లలోనూ మోసాలున్నాయి, అది దాచను. రెండు వారాలు తీయగా మాట్లాడి, వీడియో కాల్‌కు మాత్రం ఏదో సాకు చెప్పి, చివరికి కస్టమ్స్‌లో పార్సిల్ ఆగిందనో, ఫలానా ట్రేడింగ్ యాప్‌లో పెట్టుబడి పెడదామనో అంటారు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లే వాళ్లకు కావాలి. ఆయన మీతో మనసు విప్పితే ఇది చెప్పండి: ముఖాముఖి కలవకుండా, అవతలి కుటుంబంలో ఇంకొకరితో మాట్లాడకుండా ఒక్క రూపాయి కూడా పంపొద్దని. హైదరాబాద్‌లో ఒంటరి పెద్దల కోసం నడిచే పరిచయ వేదికలున్నాయి, నలుగురి మధ్య కలుస్తారు. కావాలంటే తోడు వస్తానని చెప్పొచ్చు. విప్పకపోతే ఇదే మాట మామూలుగా, ‘ఈ మధ్య ఇలాంటివి జరుగుతున్నాయట నాన్నా’ అన్నంత తేలిగ్గా అనండి. ఆయన విషయం అర్థం చేసుకుంటారు.

అన్నయ్య గురించి. ఇవాళే ఆ ఖాతా పాస్‌వర్డ్ మార్చండి, లాగ్ ఆపండి, పాతది చెరిపేయండి. అడిగితే ‘నాన్న ఫోను నాన్న చేతికే ఇచ్చేశాను’ అనండి. ‘ఏమైనా కనపడిందా?’ అంటే ‘నాన్ననే అడుగు’ అనండి. నాన్నగారి విషయం అన్నయ్యకు మోయాల్సిన బాధ్యత మీకు లేదు. రచ్చ చేస్తాడన్నారు, దేని గురించో రాయలేదు. ఆస్తి గురించే అయితే, అది భయపడాల్సినదీ కాదు, లాగ్ చూసి తేల్చుకోవాల్సినదీ కాదు. భార్య పోయిన మనిషి మళ్లీ పెళ్లి చేసుకోవడానికి హిందూ వివాహ చట్టంలో అడ్డేమీ లేదు. వీలునామా లేకపోతే భార్యకూ పిల్లలకూ వాటా ఉంటుంది. స్వార్జితాన్ని ఎవరికివ్వాలో ఆయన వీలునామా రాసుకోవచ్చు. ఇవన్నీ ఆ రోజంటూ వస్తే నలుగురూ కూర్చుని మాట్లాడుకునేవి.

మీ ఏడుపు గురించి రాయకుండా వదిలేస్తే తప్పవుతుంది. అమ్మ గుర్తొచ్చి ఏడ్చారు, దానికి మీరు సిగ్గుపడక్కర్లేదు. ఆయన ఇంకొకరిని తెచ్చుకుంటారేమోనన్న ఊహకు కడుపులో కలుక్కుమనడం ఏ కూతురికైనా సహజం. ఆ బాధ మీ అత్తయ్యతోనో, దగ్గరి స్నేహితురాలితోనో చెప్పుకోండి, మనసు తేలికపడేదాకా చెప్పుకోండి. నాన్నగారి దగ్గరికి వెళ్లేలోపు కొంత తీరిపోవాలి, లేకపోతే లిస్టు గురించి మొదలుపెట్టి అమ్మ గురించి పోట్లాటలో తేలతారు. రాత్రి పదిన్నరకు ఆ ఇంట్లో ఆయన ఒక్కరే ఉంటారన్నది కూడా ఒకసారి ఆలోచించండి. ఆ వేళకు మీరు ఫోన్ చేసి ఎన్నాళ్లయింది?

ఆయన కోప్పడితే? ‘నా ఫోన్లో నాకు చెప్పకుండా ఏం పెట్టావు, అన్నీ తీసెయ్’ అంటే తీసేయండి, అక్కడికక్కడే, ఆయన ముందే. మోసపు సైట్ల జాబితా కూడా. వాదించకండి. యూపీఐ ఖాతా విడగొట్టడం, ఏపీకే అనుమతులు ఆపడం మిగిలినా ఆయన ఇంతకుముందుకన్నా భద్రంగానే ఉంటారు. కొన్నాళ్లకు ‘అదేదో పెట్టావు కదా, మళ్లీ పెట్టు’ అని ఆయనే అనే అవకాశం లేకపోలేదు.

ఒప్పుకుంటే ప్రైవేట్ డీఎన్ఎస్ పేరు ఆయన చేతే కొట్టించండి. దాన్ని ఎలా ఆఫ్ చేయాలో కూడా చూపించండి. కొన్ని స్టేషన్లలో, లాడ్జీల్లో వైఫై లాగిన్ పేజీ ఇది ఆన్‌లో ఉంటే తెరుచుకోదు, ఎప్పుడైనా ఆ సర్వర్ అందకపోతే ఇంటర్నెట్ మొత్తం ఆగిపోయినట్టు అవుతుంది. అప్పుడు బస్టాండు షాపుకు కాకుండా సెట్టింగ్స్‌లోకి వెళ్లాలని ఆయనకు తెలియాలి. ఆ మెట్లు వరసగా ఆయన డైరీలో ఆయన చేతిరాతతోనే రాయించండి. అదే పేజీలో సైబర్ మోసాల ఫిర్యాదుల హెల్ప్‌లైన్ 1930 కూడా రాయించండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణం పిల్లలకు ఫోన్ చేయడానికి ముందు ఆ నంబరుకు చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఉంటుంది. మీకు చెప్పడానికి మొహమాటపడి కిందటిసారి ఎన్ని గంటలు ఆగారో కూడా వీలైతే అడిగి తెలుసుకోండి.